రెండు లాగ్‌బుక్కులు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం తాళ్ళరేవులో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినాయన 30 ఏళ్ళకు పైగా సరుకు ఓడల్లో పనిచేసి బోసన్‌గా రిటైరయ్యారు, అంటే డెక్కు మీద పనిచేసేవాళ్ళకి పెద్ద. పేరు వెయ్యొద్దన్నారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినిపిస్తోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి? సరే.

లైబ్రేరియన్ గారు నా చేతికిచ్చిన కాగితం మీద "సుదీర్ఘ సముద్రయానం, ఆత్మాన్వేషణ" అని రాసుంది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఆత్మాన్వేషణ అంటే ఏంటండీ అనడిగాను. "అదేనండీ, సముద్రం మీద మీరేంటో మీకు తెలియడం" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు టెన్షన్. ఎందుకంటే నిజంగానే నేనేంటో నాకు అక్కడ తెలిసింది. తెలిసిందే, కానీ అది మైకు ముందు చెప్పుకునే సంగతి కాదు. చెప్తాను. అయితే దారిలో నాలుగు చోట్ల ఆగి చెప్తాను. ఓడ కూడా తిన్నగా రేవులోకి వచ్చెయ్యదు కదా, బయట లంగరేసి ఆగుతుంది. కాకినాడ సముద్రపొడ్డున నిలబడి చూసేవాళ్ళే కదా మీరంతా.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. మా నాన్న యానాం, ఎదుర్లంక మధ్య లాంచీ నడిపే సరంగు. ఇప్పుడు బాలయోగి గారి పేరు మీద వంతెన ఉంది, మోటార్ సైకిల్ మీద అయిదు నిమిషాల్లో దాటేస్తున్నారు. అప్పుడు గౌతమి దాటాలంటే లాంచీ, లేకపోతే పంటు. నాన్న బతుకంతా ఆ ఒక్క నదీ దాటాడు. ఇట్నించి అటు, అట్నించి ఇటు. పావుగంట ప్రయాణం. "రోజూ అవే నీళ్ళు దాటుతుంటే విసుగు రాదా నాన్నా" అని ఒకసారి అడిగాను. "అవే నీళ్ళని నీకెవరు చెప్పార్రా? పోటు నీళ్ళు వేరు, పాటు నీళ్ళు వేరు. శ్రావణంలో వచ్చే ఎర్రనీరు వేరు, మాఘంలో ఎగదన్నే ఉప్పునీరు వేరు" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. పావుగంట సరంగు ఎన్ని కబుర్లు చెప్తున్నాడో అనుకున్నాను.

నేను 1981లో బొంబాయి వెళ్ళి మొదటి ఓడెక్కాను. అక్కడ మా ముసలి బోసన్‌ని పాతవాళ్ళంతా "సారంగ్" అని పిలిచేవాళ్ళు. నేను ఆశ్చర్యపోయాను. ఇది మా నాన్న ఉద్యోగం కదా! తర్వాత తెలిసింది. పాత ఇంగ్లీషు కంపెనీల ఓడల్లో డెక్కు మీద పనిచేసే మనవాళ్ళ పెద్దని సారంగ్ అనేవారు. వాడి కింద టండేలు. చుక్కాని పట్టేవాడు సుక్కానీ. మిగతావాళ్ళు కళాసీలు. పర్షియన్ భాషలో సర్‌హంగ్ అంటే నాయకుడు. అరబీలో సుక్కాన్ అంటే మన చుక్కానే. చూశారా, మాటలు మనకంటే ముందే ఓడెక్కి తిరిగేశాయి. చివరికి నేనూ బోసన్‌నయ్యాను, అంటే సరంగునే. నాన్న నది మీద సరంగు, నేను సముద్రం మీద సరంగు. ఆయన ప్రతి రాత్రీ ఇంటికొచ్చి అన్నం తినేవాడు. నాకూ ఆయనకీ అంతే తేడా.

మాస్టారు ఏదో అంటున్నారు... ఆ, కోరంగి. చెప్తానండీ. కోరంగి గురించి చెప్పకుండా తాళ్ళరేవులో ఓడల గురించి మాట్లాడితే మీరు నన్ను బయటికి పోనిస్తారా?

పిల్లలకి కోరంగి అంటే మడ అడవులు, బోటు షికారు, చెక్క వంతెన మీద సెల్ఫీలు. ఒకప్పుడు అది పెద్ద రేవు. చెక్క ఓడలు ఇక్కడే కట్టేవారు, రిపేర్లు ఇక్కడే చేసేవారు. ఇక్కణ్ణించి, తర్వాత కాకినాడ నుంచి మనవాళ్ళు బర్మా వెళ్ళారు. ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. ఏ ఊరివాడైనా సరే, కోరంగీయే. 1789 డిసెంబరులో తుపాను కెరటాలు వచ్చి కోరంగిని ముంచేశాయి. మళ్ళీ కోలుకుంది. 1839 నవంబరులో ఇంకోటి వచ్చింది, ఆ దెబ్బకి రేవు పని అయిపోయింది. సైక్లోన్ అనే మాట ఉంది కదా, అది పుట్టించినాయన కలకత్తాలో ఉండే పిడింగ్టన్ అనే ఇంగ్లీషాయన. 1848లో నావికుల కోసం ఆయన రాసిన పుస్తకంలో వాడాడు. ఆయన లెక్కలు కట్టిన తుపానుల్లో మన కోరంగి తుపానులూ ఉన్నాయి. ప్రపంచమంతా వాడే మాటకి మనం కూడా కాస్త ప్రాణాలు ఇచ్చుకున్నామన్నమాట.

మా తాత కూడా కోరంగీయే. రంగూన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. ఆ తర్వాత లక్షల మందితో పాటు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చేశాడు. ఓడలో వెళ్ళినవాడు కాళ్ళ మీద తిరిగొచ్చాడు. నాకు బాగా గుర్తు, ఎవరైనా ఆ సంగతులు అడిగితే "నడిచొచ్చాంరా" అనేవాడు. అంతే. ఇంకో మాట ఉండేది కాదు. దారిలో ఏం చూశాడో, ఏం చేశాడో, ఎవర్ని వదిలేసి వచ్చాడో, నడిచొచ్చాంరా. ఆ మాట ఎందుకంత చిన్నదో నాకు 1996 దాకా అర్థం కాలేదు.

సరే, ఓడ. మొదటిసారి విశాఖపట్నం నుంచి ఇనప ఖనిజం వేసుకుని జపాన్ బయల్దేరాం. ఒడ్డు కనపడకుండా పోయాక నాకేదో అయిపోతుందనుకున్నాను. ఏమీ అవలేదు. ఒక గిన్నె పప్పు, రెండు చపాతీలు తిన్నాను, వాంతి చేసుకున్నాను, పడుకున్నాను. మూడో రోజుకి వాంతులు ఆగిపోయాయి. అంతే.

బయటివాళ్ళు ఒకటి అనుకుంటారు. సముద్రం మీద ఆలోచించుకోవడానికి బోలెడు టైము ఉంటుందనీ, ఆకాశం చూసుకుంటూ మనిషి తన లోపలికి తను వెళ్ళిపోతాడనీ. ఉండదండీ. టైము ఉండదు. వాచ్ ఉంటుంది. నాలుగ్గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం, మళ్ళీ నాలుగ్గంటలు. నాది ఎక్కువగా పన్నెండు-నాలుగు వాచ్. పగలు పన్నెండు నుంచి నాలుగు, మళ్ళీ అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు. ఆ మధ్యలో ఓవర్‌టైము. ఓవర్‌టైము అంటే తుప్పు. సుత్తితో తుప్పు కొట్టడం, బ్రష్షుతో గీకడం, ఎర్ర రంగు వెయ్యడం, దాని మీద మామూలు రంగు వెయ్యడం. ఓడ ముందు నుంచి మొదలెట్టి వెనక్కి వచ్చేసరికి, ముందు మళ్ళీ తుప్పు పట్టి ఉంటుంది. 30 ఏళ్ళు సముద్రం మీద ఏం చేశావు అంటే, నేను నిజాయితీగా చెప్పాలంటే, తుప్పు కొట్టాను.

రాత్రి వాచ్‌లో లుక్‌అవుట్. ఓడ నడిపే పై గదిని బ్రిడ్జి అంటారు, మన ఎదుర్లంక బ్రిడ్జి కాదు. దాని పక్క వరండా లాంటి దాంట్లో నిలబడి చీకట్లోకి చూస్తుండాలి. ఏదైనా దీపం కనిపిస్తే ఆ వాచ్ ఆఫీసరైన సెకండ్ మేట్‌కి చెప్పాలి. మహాసముద్రం మధ్యలో ఏం దీపం కనిపిస్తుంది? ఒక్కోసారి వారం గడిచినా ఏమీ ఉండదు. నక్షత్రాలే. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశానికి కాస్త అటూ ఇటూ. అందుకని ధ్రువ నక్షత్రం మనకి ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, తలెత్తక్కర్లేదు. దక్షిణానికి పోయేకొద్దీ అది ఇంకా కిందికి దిగుతుంది. భూమధ్యరేఖ దగ్గరికొచ్చేసరికి నీళ్ళలో కలిసిపోతుంది. ధ్రువుడు కదలడని బళ్ళో చెప్పారు కదా మనకి? నేను మొదటిసారి అది మునిగిపోవడం చూసి మా నాన్నకి ఉత్తరం రాశాను. దక్షిణాన నాలుగు చుక్కలు లేస్తాయి, మనవాళ్ళు త్రిశంకు అంటారు. వేసవిలో మన దగ్గరా సముద్రం అంచున కనిపిస్తుంది. అటు వెళ్ళాక అది నడినెత్తి దాకా ఎక్కుతుంది.

ఇంకో తమాషా చెప్తాను. తూర్పుకి పోతుంటే ప్రతి 15 డిగ్రీలకీ గడియారం ఒక గంట ముందుకి తిప్పాలి. అంటే ఆ రాత్రి గంట నిద్ర పోతుంది. అలా తిప్పీ తిప్పీ పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ దాటినప్పుడు ఒక రోజు రెండుసార్లు వస్తుంది. జపాన్ నుంచి అమెరికా పోతుంటే ఒకసారి నాకు రెండు శనివారాలు వచ్చాయి. నేను శనివారం ఒంటిపూట ఉంటాను, మా అమ్మ మొక్కు. మొదటి శనివారం ఉన్నాను. తెల్లారి లేస్తే మళ్ళీ శనివారం. ఇప్పుడు ఉండాలా వద్దా? అడుగుదామంటే పంతులుగారెవరు? మా చీఫ్ కుక్ గోవా ఆయన, "స్వామి లెక్క ఓడ టైములో ఉంటుందా, ఇండియా టైములో ఉంటుందా?" అన్నాడు. జవాబు తోచలేదు. కోడికూర వాసన వస్తోంది. ఇండియా టైము అని తేల్చుకుని తినేశాను. తిరుగు ప్రయాణంలో ఒక రోజు మాయమవుతుంది కదా, అది కూడా శనివారమే పడింది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. స్వామికి బాకీ ఉన్నానా, స్వామే నాకు బాకీ ఉన్నాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

నవ్వుతున్నారు. కానీ ఆ శనివారం నాకు కాస్త గుచ్చుకుంది. ఇంట్లో ఉంటే ఆ కూర ముట్టుకోను. ఎందుకు? స్వామి చూస్తున్నాడనా? కాదు, అమ్మ చూస్తోందని. మనల్ని మంచివాళ్ళుగా నిలబెట్టేది చాలావరకు మన చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు. ఆ కళ్ళు నెలల తరబడి లేకపోతే మిగిలేది ఎవరు? నాకు అక్కడ పరిచయమైంది వాడే.

తుపానుల గురించి అడుగుతారు అందరూ. కెరటం ఎంత ఎత్తు లేచింది, భయమేసిందా అని. భయమేసింది. కానీ తుపానులో మన సంగతి మనకేమీ తెలియదండీ. తుపానులో మనిషే ఉండడు, పని ఉంటుంది. ఇది కట్టు, అది బిగించు, ఇటు పట్టుకో, అటు పరిగెత్తు. తర్వాత అందరూ మనల్ని ధైర్యవంతుడు అంటారు. తప్పించుకోవడానికి చోటు లేనప్పుడు ధైర్యం ఏముంది? నా సంగతి నాకు తెలిసింది ఏమీ జరగని రోజుల్లో. పందొమ్మిదో రోజు, ఇరవయ్యో రోజు. కబుర్లు అయిపోతాయి. ఎదుటివాడు చెప్పబోయే జోకు కూడా మనకి తెలిసిపోతుంది. వాడు టీ తాగేటప్పుడు చేసే చప్పుడుకి వాణ్ణి చంపెయ్యాలనిపిస్తుంది. నిజంగా అనిపిస్తుంది. వాడు చేసిన నేరం టీ తాగడం.

మా సెకండ్ మేట్ ఒకాయన, మలయాళీ, రాత్రి వాచ్‌లో నాకు ఒక కథ చెప్పాడు. కథంటే జరిగిందే. తర్వాత నేనూ అక్కడా ఇక్కడా చదివాను. 1968లో ఇంగ్లండులో ఒక పందెం పెట్టారు. ఒక్కడే, తెరచాప పడవలో, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాలి. అప్పటికి ఎవరూ చెయ్యలేదు. తొమ్మిది మంది బయల్దేరారు. తిరిగొచ్చి పూర్తి చేసింది ఒక్కడు, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. మర్చంట్ నేవీ మనిషి, మా కులంవాడే అనుకోండి. ఆయన పడవ పేరు సుహైలి. 32 అడుగుల పడవ. ఎక్కడ కట్టారో తెలుసా? బొంబాయిలో. టేకుతో. 312 రోజులు పట్టింది, 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు.

నాకు ఆయన మీద కంటే మిగతా ఇద్దరి మీద ఆసక్తి. ఒకాయన ఫ్రెంచాయన, మోయిటెస్సియే. బాగా వెళ్తున్నాడు, గెలిచే అవకాశం ఉంది. దక్షిణ అమెరికా కొస కూడా దాటేశాడు. ఇక ఇంటి వైపు తిరగడమే. తిరగలేదు. పందెం మానేసి, అలాగే ముందుకి పోయి, సగం భూమి మళ్ళీ చుట్టి తాహితీ ద్వీపంలో తేలాడు. ఎదురైన ఓడ మీదికి క్యాటపుల్టుతో, అదే మన వడిసెలలాంటిదే, చీటీ విసిరి కబురు చెప్పాడు. సముద్రం మీద సుఖంగా ఉన్నాననీ, బహుశా తన ఆత్మని కాపాడుకోవడానికి అనీ. ఆత్మాన్వేషణ అంటే అందరికీ ఆయనే గుర్తొస్తాడు. మా సెకండ్ మేట్‌కి ఆయన దేవుడు. నేను మాత్రం "ఇంట్లో పెళ్ళాం లేదా సార్?" అన్నాను. ఉందన్నాడు. ఆవిణ్ణి ఎవరు కాపాడాలి మరి? దాని మీద మేం రెండు వాచ్‌లు కొట్టుకున్నాం.

మూడోవాడు క్రౌహర్స్ట్. డోనాల్డ్ క్రౌహర్స్ట్. నలుగురు పిల్లలు, అప్పులు, ఇల్లు తాకట్టులో ఉంది. పడవ పూర్తిగా సిద్ధం కాకుండానే బయల్దేరాడు. అట్లాంటిక్‌లో ఉండగానే అర్థమైపోయింది, ఈ పడవ దక్షిణ సముద్రాల్లో మునుగుతుందని. వెనక్కి వస్తే పరువు పోతుంది, ఇల్లు పోతుంది. ముందుకి పోతే ప్రాణం పోతుంది. ఏం చెయ్యాలి? అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, భూమి చుట్టి వస్తున్నట్టు రేడియోలో తప్పుడు కబుర్లు పంపాడు. నిజంగా ఎక్కడున్నాడో ఒక లెక్క, ఊళ్ళోవాళ్ళకి చెప్పేది ఇంకో లెక్క. రెండు లాగ్‌బుక్కులు. లాగు అంటే నిక్కరు కాదు బాబూ, ఓడలో రోజూ రాసే చిట్టా. 1969 జులై 10న ఆ పడవ దొరికింది. మనిషి లేడు. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ తన 5,000 పౌండ్ల బహుమతిని క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు. మోసం బయటపడ్డాక కూడా వెనక్కి తీసుకోలేదు. అది నాకు ఇప్పటికీ నచ్చిన సంగతి.

ఆ కథ విన్న రాత్రి నేను క్రౌహర్స్ట్‌ని తిట్టలేదు. ఎందుకంటే రెండు లాగ్‌బుక్కులు నేనూ రాస్తున్నాను. మీ దగ్గర చాలామంది పిల్లలు గల్ఫ్‌లో ఉన్నారు, వాళ్ళూ రాస్తున్నారు. "అమ్మా, నేను బాగున్నాను, తిండి బాగుంది, చలి లేదు, అందరూ మంచివాళ్ళు." అది ఇంటి లాగ్‌బుక్కు. అసలుది మనసులో ఉంటుంది, అది పోస్టు చెయ్యం.

ఇక్కడ ఆడపిల్లలు చాలామంది కూర్చున్నారు, మీకోసం ఒక్క సంగతి చెప్పి అసలు దాంట్లోకి వస్తాను. 2017 సెప్టెంబరులో మన నేవీ ఆడపిల్లలు ఆరుగురు తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి, 2018 మేలో తిరిగొచ్చారు. 254 రోజులు. వాళ్ళలో ఇద్దరు మన తెలుగువాళ్ళే. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. న్యూజిలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దీవులకి నలభై రోజులు నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆ ఆరుగురు ఆ పడవలో ఎలా సర్దుకున్నారు, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారు, వంట ఎవరు చేశారు, నాకు కెరటాల ఎత్తు కంటే అదే వినాలని ఉంటుంది. నా ఓడలో కనీసం తలుపేసుకోవడానికి క్యాబిన్ ఉంది. వాళ్ళ ఆరుగురికీ ఉన్నది ఆ చిన్న పడవే. అభిలాష్ టోమీ అని ఇంకో నేవీ ఆయన. ఇందాక చెప్పిన భూమి చుట్టే పందెం 2018లో మళ్ళీ పెడితే వెళ్ళాడు. హిందూ మహాసముద్రంలో తెరచాప కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిని, కదల్లేక పడుకుంటే ఫ్రెంచ్ ఓడ వచ్చి కాపాడింది. వెన్నుకి ఆపరేషను చేసి రాడ్లు వేశారు. 2022లో మళ్ళీ అదే పందేనికి వెళ్ళి, మరుసటి ఏడు రెండోవాడుగా వచ్చాడు. అలాంటివాళ్ళ గురించి చెప్పాలంటే ఆ ధైర్యం వేరు. నేను కూలికెళ్ళినవాణ్ణి. తేడా ఉంది.

1996

ఇప్పుడు నా సంగతి. 1996 నవంబరు 6. ఇక్కడున్న పెద్దవాళ్ళకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. పిల్లలకి చెప్తున్నాను. ఆ రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళి మళ్ళీ రాని వాళ్ళు ఎందరో. భైరవపాలెం, బలుసుతిప్ప, ఆ ఊళ్ళ పేర్లు ఇప్పటికీ ఎవరైనా అంటే ఒక క్షణం ఆగుతాం. కోనసీమలో కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయాయి. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి.

ఆ రోజు నేనెక్కడున్నాను? బ్రెజిల్ నుంచి ఇనప ఖనిజం జపాన్ తీసుకెళ్తున్నాం. అయిదు వారాల పైమాటే ఒడ్డు కనపడని ప్రయాణం. ఆఫ్రికా కొస దాటి దక్షిణ హిందూ మహాసముద్రంలో ఉన్నాం. సముద్రం ఎలా ఉందో తెలుసా? మా ఇంటి వెనకాల చెరువులా. ఒక్క కెరటం లేదు. మేం డెక్కు మీద కుర్చీలేసుకుని టీ తాగాం. జాగ్రత్త జాగ్రత్త అని మా అమ్మ దండం పెట్టి పంపించింది నన్ను. సముద్రం మీదికి వెళ్ళింది నేను. తుపాను వెళ్ళింది వాళ్ళ మీదికి.

రెండ్రోజుల తర్వాత రేడియో ఆఫీసరు మెస్సులోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మీది కాకినాడ వైపేనా?" అన్నాడు. వార్త చెప్పాడు. పెద్ద తుపాను, చాలామంది పోయారు, ఊళ్ళ పేర్లు తెలియవు. క్యాప్టెన్ మంచివాడు, బొంబాయి ఆఫీసుకి మెసేజ్ పెట్టించాడు. ఆఫీసువాళ్ళు ప్రయత్నిస్తున్నాం అన్నారు. ఇక్కడ ఫోన్లు లేవు, స్తంభాలు పడిపోయాయి, రోడ్లు లేవు. కబురు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజులూ నేనేం చేశానో చెప్పాలి. ఇదే నేను మైకు ముందు చెప్పాలా వద్దా అనుకున్నది.

బాగా తిన్నాను. అదండీ. మొదటి రోజు మాత్రం ముద్ద దిగలేదు. రెండో రోజు నుంచి తిన్నాను. మామూలు కంటే ఎక్కువే తిన్నాను. అందరూ జాలిపడి నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసేవాళ్ళు, అది కూడా తిన్నాను. సాయంత్రం క్యారమ్స్ ఆడాను. ఒక ఆట గెలిచాను కూడా. తుప్పు కొట్టాను. పడుకుంటే నిద్ర పట్టింది. అమ్మ, నాన్న, భార్య, ఇద్దరు పిల్లలు, ఉన్నారో లేరో తెలియదు, నాకు నిద్ర పట్టింది. పక్క క్యాబిన్ కుర్రాడు నన్ను చూసి "మీరు చాలా గట్టివారు అన్నా" అన్నాడు. గట్టివాణ్ణి కాదురా అని నాకు తెలుసు. మరేంటి? అది తెలియదు.

నాలుగో రాత్రో అయిదో రాత్రో లుక్‌అవుట్‌లో ఉన్నాను. రెండు గంటలు దాటింది. త్రిశంకు పైకి వచ్చింది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నేను పిలవలేదు, అదే వచ్చింది. చెల్లి పెళ్ళి అప్పు ఉంది, ఇంటి అప్పు ఉంది. ప్రతి నెలా జీతంలో సగానికి పైగా ఇంటికి వెళ్ళిపోతుంది, దాన్ని అలాట్‌మెంట్ అంటారు. వాళ్ళెవరూ లేకపోతే ఇక పంపక్కర్లేదు కదా, అనిపించింది. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం భుజాలు తేలికయ్యాయి. ఆ తేలిక నేను ఒళ్ళంతా తెలుసుకున్నాను. తర్వాత వరండా కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సెకండ్ మేట్ లోపల్నుంచి "ఏమైనా కనిపించిందా?" అనడిగాడు. నథింగ్ సార్, అన్నాను.

చూశారా? మా తాత "నడిచొచ్చాంరా" అన్నట్టే. నథింగ్ సార్.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. ఇంట్లో అందరూ క్షేమం. కప్పు పోయింది, ఎనిమిది కొబ్బరిచెట్లు పోయాయి. మా వీధిలో ముగ్గురు వేటకెళ్ళి రాలేదు, అందులో ఒకడు నాతో బళ్ళో చదువుకున్నవాడు. ఆ కబురు విని అప్పుడు ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ సంతోషంతో ఏడుస్తున్నాడనుకున్నారు. సంతోషమూ ఉంది, లేదనను. కానీ ఎక్కువ భాగం సిగ్గు.

జపాన్‌లో ఓడ కట్టగానే ఇంటికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. "తొమ్మిది రోజులు మెతుకు ముట్టలేదు. కంటి మీద కునుకు లేదు. సముద్రంలో దూకుదామనుకున్నాను. మీ ముఖాలే కళ్ళ ముందు కదిలాయి." ఇలా. చాలా బాగా రాశాను. నా జీవితంలో నేను రాసిన ఉత్తరాల్లో అదే గొప్పది. మా ఆవిడ ఆ ఉత్తరం దాచుకుంది. దాచుకోవడం కాదండీ, చదివి వినిపించింది. వీధిలో చదివింది, పుట్టింట్లో చదివింది, మా చెల్లెలి అత్తగారికి చదివింది. మా ఊళ్ళో నాకు మంచి మొగుడు, మంచి కొడుకు అనే పేరు ఆ నాలుగు పేజీల మీద నిలబడి ఉంది. ఇన్నేళ్ళు నేను నోరెత్తలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే తల దించుకునేవాణ్ణి, వాళ్ళేమో వినయం అనుకునేవాళ్ళు.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, లైబ్రేరియన్ గారి కాగితం. ఆత్మాన్వేషణ అని రాసిచ్చి, వచ్చి మాట్లాడమన్నారు. నేను ఇక్కడికొచ్చి మళ్ళీ ఇంటి లాగ్‌బుక్కే చదివితే, వినడానికి బాగానే ఉంటుంది, మీరూ సంతోషిస్తారు. కానీ ఈ వయసులో ఇంకా ఎన్నిసార్లు చదవను?

అయితే మీకంటే ముందు ఆవిడకి చెప్పాలి కదా. నిన్న రాత్రి చెప్పాను. వంటింట్లో చెప్పాను, మొహం చూడకుండా చెప్పొచ్చని. తిన్నాననీ, నిద్రపోయాననీ చెప్పాను. ఆవిడ కూర కలుపుతూనే ఉంది. "తెలుసు" అంది. ఎలా తెలుసు? "ఫిబ్రవరిలో దిగారు కదా, ప్యాంటు బొత్తాం పట్టక మా తమ్ముడి లుంగీ అడిగి కట్టుకున్నారు. తొమ్మిది రోజులు మెతుకు ముట్టనివాడికి అంత పొట్టొస్తుందా?" అంది.

సరే, అది సులువైనది. రెండోది కూడా చెప్పాను. ఆ రాత్రి సంగతి, ఆ తేలిక సంగతి. అప్పుడు మాట్లాడలేదు. కుక్కర్ కూసింది, వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు ఊరుకుని, "ఆ అప్పుల పుస్తకం రాసింది నేనే కదండీ" అంది. "వడ్డీ కట్టలేని నెలల్లో నేనూ అనుకునేదాన్ని. ఓడ మునిగితే కంపెనీ ఎంతిస్తుందో అని. ఒకసారి మా అన్నయ్యని అడిగాను కూడా, ఊరికే అడిగినట్టు."

ఇద్దరం అలా కూర్చున్నాం. అప్పుడొచ్చింది నాకు నవ్వు. ఆవిడక్కూడా వచ్చింది. ఈ మాట రేపు అందరి ముందు చెప్పొచ్చా అనడిగాను. "చెప్పుకోండి, నేను మాత్రం రాను" అంది. రాలేదు, చూశారుగా.

పడుకోబోయే ముందు ఒకటి అడిగాను. అబద్ధమని నీకు ఫిబ్రవరిలోనే తెలిసిపోయింది కదా, మరి ఇన్నేళ్ళూ ఆ ఉత్తరం ఊరందరికీ ఎందుకు చదివి వినిపించావు?

"బాగా రాశారుగా మరి" అంది.